ఈశ్వరమ్మ వండని పప్పు

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ల ముందటి మాట. ఆగస్టు పద్నాలుగో తేదీ, మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. నంద్యాలలో మూడు రోజులుగా ముసురు వదలలేదు. ఆసుపత్రి వాకిట్లో మడమ మునిగేంత నీరు నిలిచింది. ఆ నీటిలోకి ఆళ్లగడ్డ నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అది మనుషులను ఎక్కించుకునే బండి కాదు, విగ్రహాలను చేరవేసే బండి. వెనక పరిచిన వరిగడ్డి మీద, రాతికి గీతలు పడకుండా వేసే గోనెసంచుల మధ్య, ముప్పై నాలుగేళ్ల శిల్పి ఒకడు మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు. అతని తల తల్లి ఒడిలో ఉంది. ఆమె తన కొంగును అతని ముఖానికి అడ్డంగా పట్టి, తాను పూర్తిగా తడిసిపోయింది.

అతని పేరు వీరాచారి. తల్లి పేరు ఈశ్వరమ్మ.

శస్త్రచికిత్స వృత్తిలోకి కొత్తగా వచ్చేవారు నన్ను అరుదైన కేసుల గురించి అడుగుతుంటారు. అరుదైనవి పుస్తకాల్లో దొరుకుతాయి. మా వంటి ఊళ్లలో సర్జన్ జీవితం హెర్నియాతో, అపెండిక్సుతో, మొలలతో, మానని కాలిపుండ్లతో గడిచిపోతుంది. ఎంత సాధారణమైన జబ్బయినా అది వచ్చిన ఇంట్లో సాధారణం కాదు. నేను చెప్పదలచుకున్నదంతా ఒక సాధారణమైన హెర్నియా గురించే. అయితే దానికి ముందు నాకు పని నేర్పిన మనిషి గురించి చెప్పాలి.

ఏది ముందు, ఏది తర్వాత

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా విభాగాధిపతిని అందరూ చీఫ్ అనేవారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. రోగిని ఆయన అడిగే ప్రశ్నలు రెండే: "ముందు ఏమైంది? తర్వాత ఏమైంది?" ఎంత నొప్పి, ఎక్కడ నొప్పి అన్నవి ఆ తర్వాతే.

ఒకరోజు డోన్ నుంచి ఒక లారీ డ్రైవరును తీసుకొచ్చారు. కుడివైపు పొత్తికడుపులో నొప్పి, వాంతులు, కొద్దిగా జ్వరం. నేను అపెండిక్స్ అని నిర్ణయించి, ఆపరేషన్‌కు సిద్ధం చేయించి, చీఫ్‌కు కబురు పంపాను. ఆయన థియేటరు తలుపు దగ్గరే డ్రైవరును ఆపి, మంచం పక్కన నిలబడి అడిగాడు.

"నొప్పి ముందొచ్చిందా, వాంతి ముందొచ్చిందా?"

"వాంతి సార్. రాత్రి మూడు తూర్లు అయినంక కడుపు పట్టుకునె."

"నీతో ఇంకెవరున్నారు?"

"క్లీనరు సార్. వాడు లారీలోనే పండుకోనుండాడు. వానికీ అదే రాగం."

ఇద్దరూ ఒకే హోటల్లో ఒకే కోడికూర తిన్నారు. అపెండిక్స్‌లో సాధారణంగా నొప్పి ముందు వస్తుంది, వాంతి తర్వాత వస్తుంది. ఆ క్రమం తిరగబడితే కత్తి పట్టే ముందు ఆగి ఆలోచించాలి. డ్రైవరు మర్నాడు సెలైన్ సీసా ఊడదీయించుకుని నడిచి వెళ్లిపోయాడు. చీఫ్ నాతో ఒక్క మాటే అన్నాడు: "తేదీ అడగనివాడు డాక్టరు కాదు, మంగలి." మంగలివారు క్షమించాలి, ఆయన అన్న మాటను అన్నట్టే రాస్తున్నాను.

ఆయన దగ్గర నేర్చుకున్నవన్నీ సరైనవని చెప్పను. డ్రెస్సింగు వేళకు రోగి బంధువులను వార్డు బయటికి తరిమేయడం ఆయన నియమం. "వాళ్లు చూసి ఏడుస్తారు, రోగి వాళ్లను చూసి ఏడుస్తాడు, నా పని పాడవుతుంది" అనేవాడు. మూడు దశాబ్దాలు నేను కూడా అలాగే చేశాను. మొదటి పాఠం ఒప్పు. రెండోది తప్పు. మొదటిది అక్కరకు రావడానికి రెండోదాన్ని వదులుకోవలసి వచ్చిన సందర్భం ఇది.

జానెడు పేగు

రాతిపని చేసేవారికి హెర్నియా కొత్త కాదు. బరువెత్తినప్పుడల్లా కడుపులో ఒత్తిడి పెరిగి, గజ్జల దగ్గర బలహీనమైన చోట పేగు బయటికి ఉబుకుతుంది. పడుకుంటే లోపలికి పోతుంది. వీరాచారి ఆ ఉబ్బును ఆరేళ్లుగా చేత్తో లోపలికి తోసి, మడతపెట్టిన గుడ్డతో నడుముకు బిగించి కట్టుకుని పని చేశాడు. ముందురోజు సాయంత్రం నాలుగు గంటలకు ఒక ద్వారపాలకుడి విగ్రహాన్ని పక్కకు జరుపుతుంటే ఉబికిన పేగు మళ్లీ లోపలికి పోలేదు. రాత్రంతా వాంతులు. నా దగ్గరికి వచ్చేసరికి పద్నాలుగు గంటలు దాటింది.

ఉబ్బు పైన చర్మం ఎర్రబారింది. ముట్టుకుంటే అతను నా చేయి పట్టుకున్నాడు.

"సార్, చేతులకి ఏమన్నా అయితాదా?"

"ఆపరేషన్ కడుపుకు, చేతులకు కాదు."

"అయితే కొయ్యండి."

లోపల జానెడు పేగు నల్లబడి చచ్చిపోయింది. దాన్ని తీసివేసి, బాగున్న కొసలను కలిపి కుట్టాం. మామూలు హెర్నియాకు గట్టిదనం కోసం మెష్ అనే వల వేస్తాం. చచ్చిన పేగు ఉన్నచోట క్రిములు ఉంటాయి కనుక వల వేయకుండా దారంతోనే కుట్టాం. బొడ్డు నుంచి కిందికి పన్నెండు సెంటీమీటర్ల కోత. అతను బతికాడు. ఇటువంటి కేసుల్లో అసలు పరీక్ష ఆపరేషన్ బల్ల మీద కాదు, ఆ తర్వాత వచ్చే వారాల్లో ఉంటుంది.

ఆరో రోజు కుట్ల మధ్య నుంచి చీము వచ్చింది. ఊహించినదే. కుట్లు విప్పి, గాయాన్ని తెరిచి ఉంచి, రోజూ శుభ్రం చేయడం మొదలుపెట్టాం. ఆ ఉదయం నేను వార్డులోకి వెళ్లేసరికి ఈశ్వరమ్మ మంచాల మధ్య నిలబడి అందరినీ నిలదీస్తోంది.

"ఎవరు పెట్టినారు నా కొడుక్కి పప్పు? నిజం చెప్పండి, ఎవరు పెట్టినారు?"

హెడ్ సిస్టర్ మేరమ్మ ఆమెను కూర్చోబెట్టడానికి ప్రయత్నిస్తోంది. "పప్పెవరు పెడ్తారమ్మా? ఆయన లోపలికి గంజి తప్ప ఇంతవరకు ఏం పోలేదు."

"మరి చీము యాడి నుంచి వచ్చె?"

పప్పు తింటే పుండు చీము పడుతుందన్న నమ్మకం మన వైపు ప్రతి ఇంట్లో ఉంది. ఆపరేషన్ అయినవారికి బీరకాయ, మిరియాల చారు, కారప్పొడి వేసిన అన్నం పెడతారు. పప్పు, పెరుగు, వేరుశనగ దూరం పెడతారు. మాంసం, గుడ్డు తినే ఇళ్లలో దీనివల్ల అంత నష్టం లేదు. వీరాచారి ఇంట్లో అవి ముట్టరు. అటువంటివారికి పప్పు కూడా ఆపితే, కొత్త కండ పట్టడానికి శరీరానికి ఇచ్చేది ఏమీ మిగలదు. చీము చచ్చిన పేగులోని క్రిముల వల్ల వచ్చిందని, తిండి వల్ల కాదని ఈశ్వరమ్మకు వివరించాను. ఆమె తల ఊపింది. ఊపిన తల ఒప్పుకున్న తల అనుకోవడం మా వృత్తిలో అతి సాధారణమైన పొరపాటు.

ఏడో మంచం, ఎనిమిదో మంచం

నా వార్డులో రోగులందరినీ వారానికి రెండుసార్లు బరువు తూయించేవాణ్ని. కొత్తగా చేరిన పిల్లడాక్టర్లు నవ్వుకునేవారు. మూడు వారాలు గడిచాక వీరాచారి బరువు యాభై ఎనిమిది కిలోల నుంచి యాభై రెండుకు దిగింది. పక్క మంచం మస్తాన్ అరవై ఒకటి నుంచి అరవై మూడుకు ఎక్కాడు. మస్తాన్ బనగానపల్లెలో మామిడికాయల వ్యాపారి. షుగర్ వల్ల కాలికి పట్టిన పుండును కోసి శుభ్రం చేశాం. ఇద్దరికీ ఆసుపత్రి భోజనం ఒకటే. ఒకరు తగ్గి, ఒకరు పెరగడం నాకు నచ్చలేదు.

"మస్తాన్, నిజం చెప్పు. రెండు కిలోలు ఎక్కడివి?"

అతను దాచలేదు. "నా పప్పు నాదే, ఆచారి పప్పు కూడా నాదే సారూ. అక్క పారబోయను పోతాంటే గిన్నె అడ్డం పెట్టినా. పప్పు పారేసే చేతికి పాపం తగుల్తాది గదా. అక్కకి పుణ్యం, నాకు పప్పు."

"వద్దని చెప్తానే ఉండా సారూ," అంది ఈశ్వరమ్మ. "నీ కాలు కుళ్లిపోతాది రా నాయనా అంటే ఇనడు."

"మా ఇంట్లో పప్పు దాల్చా లేకుంటే పుండే మానదక్కా."

నాకు మంచి అవకాశం దొరికిందనుకున్నాను. మస్తాన్ కాలిపుండు ఎర్రగా, శుభ్రంగా నిండుతోంది. దాన్ని చూపించి అన్నాను: "చూడమ్మా, రెండింతలు పప్పు తిన్నాడు. చీము పట్టిందా?"

ఆమె ఆ కాలును చాలాసేపు చూసింది. "పట్టలేదు," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఆయప్ప నా కొడుకు కాదు గదా సారూ."

ఆ మాటలోని అర్థం అప్పుడు నాకు అందలేదు. మొండితనం అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆమె బయటికి వెళ్లిన సమయం చూసి వీరాచారితో మాట్లాడాను. అతను చదువుకున్నవాడు. పప్పు తినకపోతే గాయం మానదని, ఇలాగే చిక్కిపోతే లోపలి కుట్టు కూడా ఊడవచ్చని, అప్పుడు మళ్లీ కోసినా బతుకుతాడని నేను హామీ ఇవ్వలేనని చెప్పాను.

"పప్పుతో ఏం కాదని నాకు తెలుసు సార్. ఫోన్లో గూడా చూసినా."

"మరి తినవేం?"

అతను పైకప్పు వైపు చూస్తూ అన్నాడు. "నేను తినినంక వేరే దేనికన్నా జరమొస్తే? నాకేమైనా అయితే? ఆమె రెండోతూరి తట్టుకోల్యాదు సార్. ఒకతూరి అయింది ఆమెకి."

"ఏమైంది?"

"నన్ను అడగద్దండి. ఆమెనే అడగండి. మా ఇంట్లో ఆ మాట ఎత్తము."

ఎర్రదారం

మర్నాడు నేను చీఫ్ నియమాన్ని మొదటిసారి పక్కన పెట్టాను. డ్రెస్సింగు వేళకు ఈశ్వరమ్మను లోపలే ఉండమన్నాను. మేరమ్మ నా వైపు అనుమానంగా చూసి, "పడిపోతే నాది పూచీ కాదు డాక్టరుగారూ" అంది.

ఆమె పడిపోలేదు. గాజుగుడ్డ తీయగానే వంగి, రాతిలో పగులు వెతికే మనిషిలా గాయాన్ని ఈ చివర నుంచి ఆ చివర వరకు చూసింది. స్కేలు పెట్టి పన్నెండు సెంటీమీటర్లని చెప్పాను.

"నీ స్కేలు నాకు తెలీదు సారూ." రొంటిసంచిలోంచి కావి అద్దిన ఎర్రదారం తీసింది. రాతి మీద గీత కొట్టడానికి శిల్పులు వాడే దారం. భర్త ఉన్నప్పుడు అతని కోసం, తర్వాత కొడుకు కోసం ఆ దారం రెండో కొస పట్టుకున్న చేయి ఆమెది. గాయానికి తగలకుండా పక్కన పట్టి కొలవమని చెప్పాను. కొలిచి, తెంపి, దారాన్ని సంచిలో పెట్టుకుంది.

మూడు రోజులకు ఒకసారి అలా కొలిచింది. మూడో కొలత అయ్యాక మూడు దారాలనూ వరండా పిట్టగోడ మీద పక్కపక్కన పరిచింది. వర్షాలు తగ్గాయి. మధ్యాహ్నపు ఎండ గోడ మీద పడుతోంది. మూడు దారాలూ ఒకే పొడవు.

"రాయైనా దినాం కొడ్తాంటే తరుగుతాది," అంది. "ఇది తరగలేదు సారూ."

నేను ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాను. "పప్పు పెట్టు అమ్మా."

"సంపమంటావా?"

"ఎవరిని?"

"ఒకతూరి సంపినా. సాలదా నీకు?"

అప్పుడు చెప్పింది. వీరాచారికి మూడేళ్ల వయసు. ఆమె భర్త బ్రహ్మయ్య కాలి మీద ఉలి జారింది. పసుపు పెట్టి గుడ్డ కట్టారు. కొన్నాళ్లకు అతను ఆమె చేత్తో కలిపి పెట్టిన పప్పన్నం తిన్నాడు. తెల్లారేసరికి ఒళ్లు విల్లులా వంగింది. రెండో రోజు పోయాడు. శవానికి స్నానం చేయించేటప్పుడు అత్తగారు కాలి గుడ్డ విప్పింది. అడుగున చీము.

"మా అత్త ఆ గుడ్డ నా ముందర ఏసి, 'పుండుండే మొగునికి పప్పు పెట్టి సంపినావు గదే' అనె. ఊరంతా ఇనె. ఆ దినం నుంచి నేను పప్పు వండలేదు, తినలేదు. రెండు ముద్దలు తిని ఆయన 'బాగుండాది ఈశ్వరీ' అనె సారూ. ఆ మాట ముప్పై ఒక్క ఏండ్లుగా నన్ను కొరుక్క తింటాంది."

మస్తాన్ కాలు ఆమెను ఎందుకు కదిలించలేదో నాకప్పుడు అర్థమైంది. ఆమె పప్పు గురించి వాదించడం లేదు. తాను చేసిందనుకున్న హత్యను రెండోసారి చేయనంటోంది. అంతే.

ఓదార్పు మాటలు నాకు సరిగా రావు. చీఫ్ నేర్పిన రెండు ప్రశ్నలే వచ్చు.

రెండు సంతల మధ్య

"ఉలి ఏ రోజు జారింది?" అని అడిగాను.

"సంతనాడు. సంతకి పోవాలని తొందర పడె. ఆ తొందరలోనే జారె."

"పప్పు పెట్టింది ఏ రోజు?"

"మళ్లా సంతనాడు. నేనే సంతకి పోయి కందిపప్పు తెస్తి."

"ఇంట్లో రోజూ పప్పేనా?"

"పప్పు యాడిది సారూ? జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి. ఆ దినం రొట్టె వద్దనె. అందుకే పప్పు తెస్తి."

కేసు కాగితం వెనక రాసుకుంటున్న నా పెన్ను ఆగింది. "ఎందుకు వద్దన్నాడు?"

"నమల్లేకున్నాడు. దవడ పట్టుకుందంటాడు. నోరు ఇంత గూడా తెరుసుకోలేదు. మెత్తగా ఉంటే మింగుతాడని పప్పన్నం పిసికి, నేనే నోట్లో పెడ్తి."

"దవడ పట్టుకుందని ఎప్పుడు చెప్పాడు?"

"పొద్దున్నే. లేస్తానే చెప్పె."

"పప్పు ఎప్పుడు పెట్టావు?"

"మాపటికి. సంత నుంచి వచ్చినంక."

ఒక డాక్టరుగా నేను నా జీవితంలో విన్న అతి స్పష్టమైన వివరం అది. వారం కిందటి గాయం. ముందు దవడ బిగిసింది, ఆ తర్వాత ఒళ్లు వంగింది. దాని పేరు ధనుర్వాతం. ఆ క్రిమి ఉలి జారిన రోజే మట్టితో పాటు లోపలికి పోయి ఉంటుంది. ఈ రోజుల్లో టీకా వల్ల పిల్లడాక్టర్లు దాన్ని చూడడం అరుదు. నా కొత్త రోజుల్లో వెలుతురు తగిలితే ఒళ్లు బిగుసుకునే ఆ రోగులకు ప్రత్యేకంగా చీకటిగది ఉండేది.

"అమ్మా, ఒక మాట చెప్తాను, వింటావా? పప్పు పెట్టడం వల్ల దవడ పట్టలేదు. దవడ పట్టింది కాబట్టే నువ్వు పప్పు పెట్టావు."

ఆమె నా వైపు తిరిగింది.

"అతన్ని చంపిన జబ్బు పొద్దుననే వచ్చేసింది. నీ పప్పు మాపటికి వచ్చింది."

"ఇంగోతూరి చెప్పు."

"సంతనాడు ఉలి జారింది. విషక్రిమి ఆ రోజే లోపలికి పోయింది. మళ్లీ సంతనాడు పొద్దున దవడ పట్టింది. పప్పు మాపటికి."

"నేను పెట్టకున్నా?"

"పెట్టకపోయినా."

"గుడ్డ కింద చీము?"

"అది పుండు చీము. పప్పు చీము కాదు. మీ అత్తకు చీము కనబడింది, దవడ కనబడలేదు."

ఆమె పిట్టగోడ మీది దారాలను ఒక్కొక్కటే తీసి వేలికి చుట్టుకుంది. చుట్టింది, విప్పింది. నాతో కాక గోడతో అన్నట్టు అంది:

"రొట్టె వద్దనె, నేను పప్పు తెస్తి. ఎదురుగానే ఉండె గదా సారూ ఇది. యాడ బోయింది ఇన్నేండ్లు?"

దుఃఖంలో ఉన్నవాళ్లకు తేదీలు తారుమారవుతాయి. వాటిని వరుసలో పెట్టి ఇవ్వడం కూడా వైద్యమేనని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

మొదటి ముద్ద

మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆమె స్టీలు క్యారియర్ పట్టుకుని వచ్చింది. నంద్యాలలో దూరపు చుట్టం ఒకామె ఇంట్లో వండిందట. మూత తీయగానే ఇంగువ వాసన వార్డంతా పాకింది. మస్తాన్ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"అక్కా, ఇంగ నా పప్పు పాయ!"

అందరూ నవ్వారు. ఈశ్వరమ్మ మాత్రం నన్ను చూసింది. "సారూ, ఈడనే నిలబడు."

నిలబడ్డాను. ఆమె అన్నం, పప్పు చాలాసేపు పిసికింది. చిన్నపిల్లలకు పిసికినట్టు. ముద్ద చేసి కొడుకు నోటి దాకా తీసుకెళ్లి ఆపింది. అరవై కత్తులు, కత్తెరలు ఉండే ట్రేను కూడా నేను ఆ ముద్దను చూసినంత భయంగా ఎప్పుడూ చూడలేదు. వీరాచారి ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, తానే తల వంచి ముద్ద తిన్నాడు. నెమ్మదిగా నమిలి మింగాడు.

"ఉప్పు తక్కువైందిమా," అన్నాడు.

"తిను, నోరు మూసుకోని," అంది ఆమె. అని ఏడ్చింది. ముప్పై ఒక్క ఏళ్ల ఏడుపు అది. మేరమ్మ వచ్చి ఆమె భుజం పట్టుకుంది. మొదటి వారం రోజులు ప్రతి ఉదయం నేను వార్డులోకి రాకముందే ఆమె కొడుకు దవడ తడిమి చూసేదని తర్వాత మేరమ్మ చెప్పింది. నమ్మకం ఒక్క రోజులో పోదు. పోవాలని ఎదురుచూడకూడదు కూడా.

జాగ్రత్తగా రాయవలసిన మాట

నాలుగో దారం మొదటి మూడింటి కంటే గోరంత పొట్టిగా వచ్చింది. అయిదోది వేలెడు తగ్గింది. గాయం అడుగు నుంచి దానిమ్మగింజల్లా ఎర్రటి కండ పట్టింది. బరువు పెరిగింది. తొమ్మిదో దారం తరువాత కొలవడానికి ఏమీ మిగలలేదు.

ఇక్కడ పిల్లడాక్టర్లు తొందరపడకూడదు. పప్పు పెట్టిన తర్వాత గాయం మానింది కాబట్టి పప్పు వల్లనే మానిందని నేను రాస్తే, ఈశ్వరమ్మ అత్తగారికీ నాకూ తేడా ఉండదు. అదే వారంలో మందు మార్చాం. పాలు, పెరుగు, వేరుశనగ ముద్దలు కూడా మొదలయ్యాయి. అన్నింటికీ మించి అతను ఆకలితో తినడం మొదలుపెట్టాడు. పప్పుకు ఎంత వాటా ఇవ్వాలో నేను చెప్పలేను. తర్వాత జరిగినదంతా దాని వల్ల జరిగినది కాదు. ఈ ఒక్క వాక్యం ఒక కుటుంబాన్ని ముప్పై ఏళ్లు బాధ నుంచి కాపాడి ఉండేది. అదే వాక్యం డాక్టరును గర్వం నుంచి కాపాడుతుంది.

పథ్యాన్ని చూసి నవ్వకండి. కోప్పడకండి కూడా. ఏ పథ్యం వెనక ఎవరి చావు ఉందో అడగండి. అన్నింటి వెనకా ఉండదు, చాలావరకు వట్టి అలవాటే. అడగనిదే మాత్రం తెలియదు. గాయాన్ని కన్నవాళ్లకు చూపించండి. నేను ఉద్యోగంలో ఉన్న చివరి రెండేళ్లూ డ్రెస్సింగు వేళకు ఎవరినీ బయటికి పంపలేదు. ఇద్దరు ముగ్గురు కళ్లు తిరిగి పడ్డారు. వాళ్లకు నీళ్లు ఇచ్చాం.

ఆళ్లగడ్డలో

హెర్నియా ఆపరేషన్ ఫలితం రోగి ఇంటికి పోయిన రోజున తెలియదు. తిరిగి రాని రోగి బాగయ్యాడో, వేరే ఆసుపత్రికి పోయాడో మనకు తెలియదు. అందుకే నేను ఏడాది నిండాక కనిపించని రోగుల ఇళ్లకు, వీలైనప్పుడల్లా, నేనే వెళ్లేవాణ్ని. వల వేయకుండా కుట్టిన హెర్నియా తిరగబెట్టే అవకాశం ఎక్కువ కనుక వీరాచారి పేరు ముందువరసలో ఉంది.

నేను వెళ్లేసరికి రోడ్డు పక్క రేకుల షెడ్డులో అతను సగం తేలిన నంది ముందు కూర్చుని ఉన్నాడు. షెడ్డు దూలానికి గొలుసు కప్పీ వేలాడుతోంది. "బరువంతా దానిదే సార్ ఇప్పుడు. నేను ఉలి మాత్రమే ఎత్తుతాండా," అన్నాడు. లోపలి గదిలో పడుకోబెట్టి, దగ్గించి, నిలబెట్టి, మళ్లీ దగ్గించి చూశాను. కుట్టు గట్టిగా ఉంది. హెర్నియా తిరగబెట్టలేదు. మచ్చ తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. మానిన గాయం కుంచించుకుంటుంది.

ఈశ్వరమ్మ నన్ను భోజనం చేయకుండా కదలనివ్వలేదు. జొన్నరొట్టె, గోంగూర, కందిపప్పు. ముందు నాకు, కొడుక్కి వడ్డించింది. తర్వాత తన కంచంలో రొట్టె పెట్టుకుని, దాని పక్కన ఒక గరిటె పప్పు వేసుకుంది. రొట్టె తుంచి పప్పులో అద్ది నోట్లో పెట్టుకుంది.

"బాగుండాదా సారూ?"

"బాగుందమ్మా."

"ఆయన గూడా అట్లే అనె." ఇంకో ముక్క తుంచింది. "దవడ నొస్తాన్నా అనె సూడు. ఊరికే అనుండడు. నిజంగానే బాగుండి ఉంటాది."

వీరాచారి తల వంచుకుని తింటున్నాడు. బయట ఎవరో ఉలి దెబ్బలు కొడుతున్నారు. నేను రెండోసారి పప్పు వేయించుకున్నాను. ఈశ్వరమ్మకు ఇంకో గరిటె వేయమని కొడుక్కి చెప్పాను. వేశాడు. ఆమె వద్దనలేదు.

అంకెలు రాయకుండా నాకు ముగించడం రాదు. ఈశ్వరమ్మ చేతి పప్పు తిన్నవారిలో నాకు తెలిసినవారు నలుగురు: ఆమె భర్త, ఆమె కొడుకు, నేను, ఆమె. ఆ పప్పు వల్ల చనిపోయినవారు సున్న.